తొమ్మిది కుళాయిల ఇల్లు

వావిలగట్టు పురపాలక సంఘం వారు పందొమ్మిది వందల అరవై ఏడవ సంవత్సరం ఉగాదికి అచ్చు వేయించిన పరిపాలనా నివేదికలో, పదకొండో పేజీ కింది భాగాన, ఒక శుభవార్త ఉంది. పట్టణంలో తాగునీటిని అందరికంటే సమృద్ధిగా అనుభవిస్తున్న కుటుంబం మార్కండేయ వీధిలో మూడు బై నలభై ఏడు నెంబరు ఇంట్లో నివసిస్తున్నదనీ, ఆ ఇంటి యజమానురాలు శ్రీమతి దేవవ్వ అనీ అందులో ప్రకటించారు. రెండో స్థానం డాక్టరు గారి ఇంటికి వచ్చింది. కలెక్టరు గారు మా ఊరు వచ్చినప్పుడు బస చేసే బంగళా మూడో స్థానంతో తృప్తి పడవలసి వచ్చింది.

మార్కండేయ వీధిని ఊళ్లో అందరూ సాలెవాడ అంటారు. దేవవ్వ ఇల్లు ఆ వాడ చివరన ఉంటుంది. రెండు గదులు, ఒక పంచ, ముందు చిన్న వాకిలి. కొడుకు మొండయ్య మరమగ్గాల కార్ఖానాలో కూలి. కోడలు సమ్మవ్వ ఇంట్లో కూర్చుని కండెలు చుడుతుంది. వాళ్లకు ఐదుగురు పిల్లలు. వాకిట్లో ఒక కుళాయి ఉంది. అందులో పొద్దున ఒక గంటసేపు నీళ్లు వస్తాయి, వచ్చిన రోజున. తమ ఇంట్లో ఇంత సమృద్ధి ఉన్న సంగతి పురపాలక సంఘం వారు చెప్పేదాకా ఆ ఇంటివాళ్లకు తెలియదు.

కుళాయి అని నేను రాస్తున్నాను గానీ ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు. నల్లా అంటారు. నేను ఈ ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి కాబట్టి, నీళ్లు పట్టుకునేటప్పుడు నల్లా అనీ, కలం పట్టుకున్నప్పుడు కుళాయి అనీ అనడం అలవాటు చేసుకున్నాను. నైజాం ఏలుబడిలో మా కచేరీ కాగితాలు ఉర్దూలో ఉండేవి. చదివి వినిపిస్తే జనానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పరాయి భాష కదా అని సరిపెట్టుకునేవారు. ఇప్పుడు అంతా తెలుగు. ఇప్పుడూ అర్థం కాదు గానీ, సొంత భాషలో అర్థం కాకపోవడంలో ఒక నిండుదనం ఉంది. ఆ నిండుదనాన్ని ఈ ఊరికి అందించినవారిలో నేనూ ఒకణ్ణని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

నివేదిక వచ్చిన వారానికి దేవవ్వ ఇంటికి నీటి పన్ను చీటీ వచ్చింది. మూడు నెలలకు మూడు రూపాయలు కట్టే ఇంటికి ముప్ఫై ఆరు రూపాయలు వేశారు. పదిహేను దినములలో చెల్లించనియెడల కుళాయి సంధానము తొలగింపబడునని కింద రాసి ఉంది. ఆ చీటీ తెచ్చి ఇచ్చినవాడు లక్ష్మీరాజం. నీళ్ల శాఖలో గుమాస్తా. దేవవ్వకు పక్కింటివాడే. అతని ఇంట్లో కుళాయి లేదు. అతని భార్య రోజూ దేవవ్వ కుళాయి దగ్గరే రెండు బిందెలు పట్టుకుపోతుంది. ఆ పూట కూడా ఒక చేత్తో చీటీ ఇచ్చి, ఇంకో చేత్తో ఖాళీ చెంబు అక్కడ పెట్టి పోయాడు.

ముప్ఫై ఆరు రూపాయలంటే మొండయ్యకు మూడు వారాల కూలి. అంత డబ్బు ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకచోట కూడలేదు, ఒక్క ఆ కుళాయి పెట్టించుకున్న రోజున తప్ప. అది కూడా దేవవ్వ వెండి కడియాలు అమ్మితే వచ్చిన డబ్బు. అంతకు ముందు నలభై ఏళ్లు ఆమె మానేరు నుంచి నీళ్లు మోసింది. ఎండాకాలం ఇసుకలో చెలిమె తవ్వి, గిన్నెతో తోడి, బిందె నింపి, కోసున్నర దూరం నడిచి వచ్చేది. మోకాళ్లు అరిగాయి. కుళాయి పెట్టిన రోజున దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మొదటి బిందె తాను ముట్టుకోకుండా వాడంతా తిరిగి ఇంటికో చెంబెడు పోసి వచ్చింది. ఆ రోజు నేనూ తాగాను. ఆ ముసలమ్మ ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడను. ఇప్పుడు ఆ కుళాయి పోతుందేమోనన్న భయం పట్టుకుని ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టే పని మొదట ఇంట్లోనే మొదలైంది. మొండయ్య పని మానుకుని పీట వేసుకుని కుళాయి ముందు కూర్చున్నాడు. గోడ మీద బొగ్గుతో బిందెకో గీత గీశాడు. గంటలో తొమ్మిది గీతలు అయ్యాయి. పదో బిందె సగంలో ఉండగా నీళ్లు ఆగిపోయాయి.

"గిన్ని నీళ్లు ఎవలు తాగుతుండ్రే?" అన్నాడు భార్యతో.

"నేనే తాగుతున్న. కడుపుల కుంట కట్టుకున్న. సూస్తవా?" అంది సమ్మవ్వ.

అప్పటినుంచి ఇంట్లో నీటి పొదుపు అమలులోకి వచ్చింది. పిల్లలకు స్నానం ఆదివారానికి మారింది. సమ్మవ్వ బట్టలు ఉతకడానికి మానేరుకు పోసాగింది. కడిగిన బియ్యం నీళ్లతో గిన్నెలు కడిగి, ఆ నీళ్లు ముఖానికి, ముఖం కడిగిన నీళ్లు తులసికి పోశారు. తులసి ఎండిపోయింది. ఇంటికి వచ్చిన చుట్టాలకు మంచినీళ్లు ఇవ్వకుండా ఆ మాటా ఈ మాటా చెప్పి పంపేశారు. ఇంత చేసినా నీటి పన్ను ఒక్క పైసా తగ్గలేదు. చీటీ మీద అంకె ముందే వేసి ఉంది కదా.

వాడలో పెద్దలు తలా ఒక మాట చెప్పారు. గంగమ్మకు బోనం బాకీ ఉండి ఉంటుందని ఒకరు, గొట్టం భూమిలో ఎక్కడో పగిలి ఉంటుందని ఇంకొకరు. బోనం చేశారు. తర్వాత గొట్టం తవ్వించారు. తవ్వినవాడు లచ్చయ్య. ఊళ్లో కుళాయిలన్నీ బిగించింది అతనే, నల్లాల లచ్చయ్య అని పేరు. వాకిలి నుంచి బజారు దాకా మోకాలి లోతు కందకం తీసి చూశాడు. గొట్టం చుట్టూ మట్టి పొడిపొడిగా ఉంది.

"అవ్వా, గీ పైపుల సుక్క కారుతలేదు. పైపు బయటనే కాదు, లోపట గూడ పొడిగనే ఉన్నది," అన్నాడు లచ్చయ్య.

కందకం తవ్వి పౌరుల రాకపోకలకు అంతరాయం కలిగించినందుకు పురపాలక సంఘం వారు రెండు రూపాయల జరిమానా వేశారు.

అప్పుడు దేవవ్వ నా దగ్గరికి వచ్చింది. నేను అర్జీ రాశాను. ఇలాంటి సందర్భాల్లో నా అర్జీలకు జిల్లాలో పేరు ఉంది. "ఆర్యా, గంగాభవానీ కటాక్షవీక్షణములకు దూరమై అల్లాడుచున్న ఈ అబలపై అకాండవజ్రపాతమువలె బడిన జలశుల్కము" అని ఎత్తుకుని, రెండు పుటలు నడిపి, "తమ కరుణారస తరంగములందు ఓలలాడింప ప్రార్థించుచున్నాను" అని ముగించాను. పన్ను ఎందుకు పెరిగింది అన్న ప్రశ్న ఆ ప్రవాహంలో ఇమడలేదు. దేవవ్వ ముందు చదివి వినిపిస్తే ఆమె చేతులు జోడించి విన్నది. చివర ఆమె చేత వేలిముద్ర వేయించాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "మీ కుళాయిలన్నియు లెక్క ప్రకారము సక్రమముగా నున్నవి. పన్ను సరియైనదే" అని ఒకే వాక్యం.

ఇక్కడ నా పాండిత్యం పని చేసింది. కుళాయి ఒకటే కదా, కుళాయిలు అన్నారేమిటి అని ఒక్క క్షణం తడుముకున్నాను. వెంటనే తట్టింది. అది గౌరవార్థక బహువచనం. నీళ్లు ఇచ్చే వస్తువు పూజ్యం కాబట్టి ప్రభుత్వం వారు దాన్ని గౌరవించి రాశారు. మరి "అన్నియు" ఎందుకు అంటే, వాక్యానికి తూకం కోసం. ఈ సంగతి తరగతిలో పిల్లలకు కూడా ఉదాహరణగా చెప్పాను. దేవవ్వకు మాత్రం, "నీ నల్లా మంచిగనే ఉన్నదట అవ్వా" అని ఆమె భాషలో చెప్పి పంపాను.

"నల్లా మంచిగుంటే పైసలు గట్లెందుకు అయితయ్ సారూ?" అని అడిగింది దేవవ్వ.

అది వ్యాకరణానికి సంబంధించింది కాదన్నాను.

గడువు ఇంకా రెండు రోజులు ఉందనగా కమిషనర్ గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మంచివారు, ఎవరినీ నొప్పించరు, ఏ కాగితాన్నీ నొప్పించరు. వెంట ఇంజనీరు గారు, రిజిస్టరు మోస్తూ లక్ష్మీరాజం. పన్ను కట్టకుండానే ఇంతమంది తమ వాడకు వచ్చారని వాడవాళ్లు సంతోషించి చుట్టూ చేరారు. నేనూ వెళ్లాను.

ఇంజనీరు గారు వాకిట్లో ఉన్న కుళాయిని చూసి, "ఇది ఒకటి. మిగతావి ఎక్కడ?" అన్నారు.

"మిగతావేంటియి?" అన్నాడు మొండయ్య.

ఇంజనీరు గారు రిజిస్టరు తెరిచి చదివారు. పుష్యమాసంలో పట్టణమంతటా జరిగిన కుళాయిల గణనలో ఈ ఇంటి కింద నమోదైన వివరాలు ఇవి. మొత్తము తొమ్మిది. అమరిక: ఐదు నెత్తిమీద, రెండు దండెముపై, ఒకటి ఇనుపపెట్టెలో, ఒకటి దిండు క్రింద. స్థితి: రెండు చినిగినవి, ఒకటి వదులు. వాడుక: చలికాలము మాత్రమే.

ఆయన చదువుకున్న మనిషి గనక ఒక్కొక్కదానికీ కారణం చెప్పగలిగారు. చినిగినవి అంటే లోపలి రబ్బరు చినిగినవి. వదులు అంటే మర వదులు. ఇనుపపెట్టెలో అంటే తాళం వేసుకునే ఏర్పాటు, బొంబాయిలో ఇలాంటివి చూశానన్నారు. నెత్తిమీద అంటే తల మీదుగా ధార పడేవి, అంటే స్నానపు తుంపర కుళాయిలు, విలాస వస్తువులు, కాబట్టి ఆ ఐదింటికీ ప్రత్యేక సుంకం పడింది. దిండు క్రింద అన్న చోట ఆయన కొంచెం ఆగి, అది పరిశోధించవలసిన విషయమన్నారు.

"ఒక నేత కార్మికుడు ఐదు విలాసపు కుళాయిల కింద స్నానం చేస్తున్నాడంటే దేశం ముందుకు పోతోందన్నమాట. మాకు సంతోషమే," అన్నారు కమిషనర్ గారు. "కానీ దాచకూడదు. చూడమ్మా, మీ తొమ్మిది కుళాయిలూ బయటికి తెచ్చి చూపించండి."

ఆ మాట దేవవ్వ చెవిన పడింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని దిగులుగా నిలబడ్డ మనిషి తేరుకుని, "గవ్వేనా సారూ! గవ్వి సూపియ్యాలంటే గింత పరేషాన్ ఎందుకు చేసిండ్రు?" అంటూ లోపలికి పోయింది. ఇనుపపెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. ఒక పాత చీర మూట తెచ్చి మంచం మీద విప్పింది.

అందులో పిల్లల టోపీలు ఉన్నాయి. ఉన్నివి నాలుగు, గుడ్డవి ఐదు. ఒకటి ఎర్రది, పూసలు కుట్టి ఉంది. ఒకటి పాత స్వెట్టరు చేయి కోసి ముడివేసింది. చలికాలం మా జిల్లాలో పసిపిల్లల చెవులు మూసేలా తొడిగే ఈ టోపీని కుల్లాయి అంటారు. ఈ సంగతి మా ఊళ్లో పుట్టిన ప్రతి తలకూ తెలుసు.

ముందుగా సమ్మవ్వ నవ్వింది. తర్వాత వాడ నవ్వింది. దేవవ్వ నవ్వలేదు.

"మాఘమాసం రాకముందు గీ లక్ష్మీరాజం వచ్చి, అవ్వా మీ ఇంట్ల కుళాయిలు ఎన్ని ఉన్నయ్ అన్నడు. సర్కారోళ్లు పోరగాండ్లకు ఉన్నిబట్టలు ఇస్తరు గావచ్చు అనుకున్న. అబద్ధం ఎందుకని ఉన్నయన్ని చెప్పిన. యాడ ఉన్నయ్ అంటే పోరగాండ్ల నెత్తిమీద ఐదున్నయ్ అన్న. నల్లా అంటే నల్లా అనాలె గద బిడ్డా!" అని లక్ష్మీరాజం వైపు తిరిగింది. "పొద్దున లేస్తే నీ పెండ్లం గీ నల్లా కాడనే నీళ్లు పడతది. ఇంట్ల ఒక్కటే నల్లా ఉన్నదని నీకు తెల్వదా?"

లక్ష్మీరాజం తల వంచుకున్నాడు గానీ గొంతు వంచలేదు. "తెలుసు అవ్వా. గని నేనప్పుడు డ్యూటీల ఉన్న. నల్లా అనొద్దు, కుళాయి అనాలె, జవాబు ఎట్ల చెప్తే అట్లనే రాయాలె, సొంత తెలివి పెట్టొద్దు అని మూడు రోజులు శిక్షణ ఇచ్చిండ్రు," అన్నాడు. అతని శిక్షణ పూర్తిగా ఫలించిందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

ఇంత స్పష్టంగా విషయం తేలిపోయాక ఇక గొడవేముందని మీరు అనుకుంటారు. దేవవ్వా అలాగే అనుకుంది. ఇంజనీరు గారు మాత్రం టోపీలను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, రిజిస్టరులో ఒక్కొక్కదానికి ఎదురుగా టిక్కు పెడుతూ వచ్చారు. చినిగినవి రెండు, సరిపోయాయి. వదులుది ఒకటి, సరిపోయింది. మొత్తం తొమ్మిది. ఆయన ఉద్యోగ జీవితంలో రిజిస్టరూ వస్తువూ ఇంత చక్కగా కలవడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో తల ఎత్తి వాకిట్లోకి చూశారు.

"నమోదైన తొమ్మిదీ దొరికాయి సార్," అన్నారు కమిషనర్ గారితో. "అయితే మరి అది?"

అందరూ అటు చూశారు. కుళాయి ఎప్పటిలాగే ఉంది, పసుపు బొట్టుతో.

"అది పదవది," అన్నారు ఇంజనీరు గారు. "రిజిస్టరులో లేదు. అనధికార సంధానం."

మొండయ్య పరుగున పోయి, రెండేళ్ల కింద డిపాజిట్టు కట్టిన రసీదు తెచ్చాడు. అది నైజాం నాటి అలవాటు వదలని పాత గుమాస్తా ఉర్దూలో రాసి ఇచ్చిన రసీదు. కమిషనర్ గారు దాన్ని కుడి నుంచి ఎడమకూ, ఎడమ నుంచి కుడికీ చూశారు. వాడలో ఉర్దూ వచ్చిన ఒకాయన చదివిపెట్టాడు. అందులో 'నల్' అని ఉంది గానీ కుళాయి అని ఎక్కడా లేదు. కమిషనర్ గారికి నిజంగానే జాలి వేసింది. తన చేతుల్లో ఏమీ లేదనీ, విషయాన్ని కౌన్సిలు ముందు పెడతాననీ, భాషకు సంబంధించిన చిక్కు కాబట్టి భాష తెలిసినవారి సలహా తీసుకుంటాననీ అన్నారు. అని, నా వైపు చూశారు.

దేవవ్వ కూడా నా వైపు చూసింది. ఇక భయం లేదన్నట్టు చూసింది.

కౌన్సిలు సమావేశం ఘనంగా జరిగింది. చైర్మన్ హనుమండ్లు గారు అధ్యక్షోపన్యాసం చేశారు. "సోదర సోదరీమణులారా! నీరే ప్రాణం. భాషే ప్రాణం. ఈ రెండు ప్రాణాల మధ్య నేడు మన పట్టణం నిలబడి ఉన్నది. ఒక పేదరాలి కుళాయి కోసం ఇంత పెద్ద సభ కూర్చున్నదంటే ప్రజాస్వామ్యం ఎంత లోతుకు దిగిందో ఆలోచించండి. ఆ లోతులో నీళ్లు పడకపోవచ్చు. కానీ లోతు ఉన్నది!" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ ఉపన్యాసం రాసిపెట్టింది నేనే.

తర్వాత నన్ను లేపి, కుళాయి అన్న మాటకు అర్థం చెప్పమన్నారు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఇక్కడ కుళాయి అంటే నీళ్లది, టోపీ లెక్క తప్పు, కొట్టేయండి అంటే చాలు. కానీ ముందు రోజు నేను నిఘంటువు తిరగవేశాను. అందులో కుళాయి అన్న మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. జలయంత్రము, శిరస్త్రాణము. ఆ రెండో అర్థం చూసి నాకు కలిగిన ఆనందం తెలుగు పండితులకే అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత మంది పెద్దమనుషులు కూర్చుని ఒక పదం అర్థం కోసం నా నోటివైపు చూడటం ఎన్నడూ జరగలేదు. మాట ఎక్కడ పుట్టింది, ఏ దేశం నుంచి ఏ దారిన వచ్చింది, ఏ ఏ రూపాలు మారింది, అన్నీ ముప్పావు గంట చెప్పాను. చివరకు, "కావున సభాసదులారా, కుళాయి యనగా టోపీ యనుట సర్వథా సాధువు" అని తేల్చాను.

కమిషనర్ గారి ముఖం విప్పారింది. టోపీ కూడా కుళాయే అయినప్పుడు రిజిస్టరులో తప్పు లేదు. తప్పు లేనప్పుడు దిద్దనక్కర లేదు. ఆ ఇంట్లో తొమ్మిది కుళాయిలు ఉన్నట్టు ఏకగ్రీవంగా తీర్మానించి, రిజిస్టరుకు ఎక్కని పదవదాన్ని మూడు రోజుల్లో తొలగించమని ఉత్తరువు ఇచ్చారు. నాకు శాలువా కప్పారు. నిజం చెబుతున్నాను, శాలువా భుజాల మీద పడ్డ ఆ నిమిషంలో నాకు దేవవ్వ గుర్తుకు రాలేదు.

తొలగించడానికి వచ్చినవాడు లచ్చయ్యే. రెండేళ్ల కింద బిగించిన చేతులతోనే పానా పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. అప్పుడే నీళ్లు వస్తున్నాయి.

"నా చేతుల ఏమున్నదవ్వా. ఆర్డరు ఉన్నది," అన్నాడు.

"నిన్నేమంటలే బిడ్డా. జర ఆగు. గీ బిందె నిండనియ్," అంది దేవవ్వ.

లచ్చయ్య ఆగాడు. ఆ బిందె నిండింది, ఇంకోటి పెట్టింది. అతను పానా పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. నీళ్లు ఆగిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత దేవవ్వ కుళాయికున్న పసుపు కొంగుతో తుడిచి పక్కకు జరిగింది. విధి నిర్వహణలో గంట జాప్యం చేసినందుకు లచ్చయ్యకు మెమో ఇచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో శిక్ష పడిన ఉద్యోగి అతనొక్కడే.

టోపీలకు వరుసగా నెంబర్లు వేయడానికి లక్ష్మీరాజం వచ్చాడు. చెరగని రంగుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా వేసి, పక్కన సంఘం ముద్ర కొట్టాడు. అతని భార్య కూడా ఇప్పుడు మానేరుకే పోతున్నది, దేవవ్వ పక్కనే నడుస్తూ.

పన్ను మాత్రం పడుతూనే వచ్చింది. తొమ్మిది కుళాయిలకు, విలాసపు సుంకంతో సహా. మొండయ్య ఒకసారి చేబదులు తెచ్చి కట్టాడు. రెండోసారి కట్టలేకపోయాడు. నిబంధన ప్రకారం మూడు నోటీసులు ఇచ్చి, ఆ తర్వాత సంధానాలు తొలగించారు. అప్పటికి పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు చలి మా వైపు గట్టిగా పట్టింది, తెల్లవారి మానేరు మీద పొగమంచు పదింటి దాకా లేవలేదు. లక్ష్మీరాజం ఆ చలిలో పొద్దున్నే వచ్చి, పంచలో మంట కాచుకుంటున్న పిల్లల నెత్తిమీద నుంచి ఐదూ, పెట్టెలో నుంచి నాలుగూ తొలగించి, రసీదు ఇచ్చి, సంచిలో వేసుకుని పోయాడు. చిన్న పిల్ల ఏడ్చింది. అది దుఃఖమని రిజిస్టరులో రాయడానికి గడి లేదు. అవి ఇప్పుడు కచేరీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. పన్ను కడితే ఎప్పుడైనా తిరిగి అమరుస్తారు.

మరుసటి ఉగాది నివేదికలో ఇంకో శుభవార్త వచ్చింది. మార్కండేయ వీధిలో నీటి దుర్వినియోగాన్ని సంఘం వారు పూర్తిగా అరికట్టారు. మూడు బై నలభై ఏడు నెంబరు ఇల్లు పొదుపులో పట్టణానికే ఆదర్శంగా నిలిచింది. ఆ వాక్యాలు కూడా దిద్దిపెట్టింది నేనే.

ఆ తర్వాత నాకు మనసు మనసులో లేకుండా పోయింది. శాలువా కప్పుకుంటే వెచ్చగా ఉండేది, అందుకే కప్పుకోలేకపోయాను. చేసిన తప్పుకు ఏదైనా చేయాలని ఈ కథ రాశాను. రాసి, ముందుగా దేవవ్వకే వినిపించాలని ఒక మధ్యాహ్నం సాలెవాడకు వెళ్లాను. ఆమె మానేరు నుంచి అప్పుడే వచ్చి, పంచలో కాళ్లు చాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నది. నేను మొదటి నుంచి చివరిదాకా చదివాను. 'పరిపాలనా నివేదిక' దగ్గర నుంచి 'సంధానాలు' దాకా ఒక్క అక్షరం పోకుండా చదివాను. ఆమె కదలకుండా, అర్జీ విన్నప్పటిలాగే చేతులు జోడించుకుని విన్నది.

"మంచిగ సదివినవ్ సారూ," అంది చివరకు. "సగం సమజ్ కాలే గని మంచిగున్నది. గా ముసల్ది ఎవలో, పాపం. దాని నల్లా మల్ల పెట్టిండ్రా?"

ఎగతాళి చేస్తున్నదేమోనని ఆమె ముఖంలోకి చూశాను. తెలియలేదు. లేదు అని ఒక్క మాట చెప్పాలి.

"విషయము పరిశీలనలో ఉన్నది," అన్నాను.

అంటే ఏమిటని ఆమె అడగలేదు. ఆమెను ఎప్పుడు అడగనిచ్చాం గనక? చదువుకున్నవారు కదా, మీరూ అడగరు.